మూకుడు, సర్పంచి, నాలుగు గుడ్లు: మా గువ్వల గది డైరీ

నవంబర్ 3

దీపావళి అయిపోయింది, షాపులో గేట్ల ఆర్డర్లు కాస్త తగ్గాయి. హన్మకొండలో మా ఇంటి మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన మూలకు గువ్వల గది నిలబెట్టాను. ఎనిమిది ఫీట్ల పొడవు, నాలుగు ఫీట్ల వెడల్పు, ఆరున్నర ఫీట్ల ఎత్తు. ఇంచు స్క్వేర్ పైపు ఫ్రేము, అర ఇంచు జాలీ. ఇంచు జాలీ వేస్తే ఖర్చు తగ్గేది కానీ దాంట్లోంచి ఎలుకపిల్ల, పాముపిల్ల రెండూ దూరతాయి. తలుపు ముందు ఇంకో చిన్న తలుపు కూడా పెట్టాను. ఒకటి మూశాకే రెండోది తెరవాలి. లేకపోతే మనం లోపలికి, పిట్ట బయటికి.

జాలీ గురించి ఒక మాట. కొత్త గాల్వనైజ్డ్ జాలీ మీద జింకు రజను, చుక్కలు అంటుకుని ఉంటాయి. దాన్ని వెల్డింగ్ చేసేటప్పుడు వచ్చే తెల్ల పొగ పీలిస్తే మాకు రాత్రికి చలిజ్వరం ఖాయం. ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. పిట్టలైతే ఆ రజనును ముక్కుతో గీకి మింగుతాయి, అది వాటికి విషం. అందుకే జాలీ మొత్తం వెనిగర్ కలిపిన నీళ్ళతో బ్రష్ పెట్టి రుద్ది, కడిగి, రెండు రోజులు ఎండబెట్టాను. ఇంటావిడ ఊరగాయ కోసం తెచ్చిన వెనిగర్ బాటిల్ కూడా దాంట్లోనే పోయింది. ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

నవంబర్ 9

జోడీ వచ్చింది. ఒకటి తెల్లది, ఒకటి జొన్నపిండి రంగుది, దాని మెడ వెనక సన్నటి నల్ల గీత. పిట్టలు అమ్మేవాళ్ళు వీటిని రింగ్ నెక్ డవ్ అంటారు, వరంగల్‌లో పాత కబూతర్ల వాళ్ళు ఫాక్తా అంటారు. మన వేపచెట్ల మీద, కరెంటు తీగల మీద కూర్చుని కూసే గువ్వలు వేరు. వాటిని పట్టి గదిలో పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఇవి తరతరాలుగా మనుషుల దగ్గరే పెరిగిన జాతి. బయట వదిలితే రెండు రోజులు కూడా బతకవు, పిల్లికి గానీ గద్దకు గానీ చిక్కుతాయి.

పేర్లు మా బిడ్డ పెట్టింది. తెల్లది మల్లి, రెండోది జొన్న. అది డిగ్రీలో జువాలజీ చదువుతుంది. ఈ డైరీలో సైన్స్ కనిపించిన చోటల్లా అది దాని పుణ్యమే, తప్పులు నావి.

మేతకు ఎనుమాముల మార్కెట్ దారిలో సజ్జలు, కొర్రలు, తెల్ల జొన్నలు తెచ్చాను. గువ్వ గింజను పొట్టు తీయకుండా అలాగే మింగుతుంది, కాబట్టి కడుపులో అరగదీయడానికి సన్నటి రాళ్ళు కావాలి. ఆలుచిప్పల పొడి, ఇసుక కలిపి ఒక మట్టి మూకుడులో పోసి మూలకు పెట్టాను. ఇంకోటి గమనించాను. కోడి అయితే గుక్క తీసుకుని తల పైకెత్తుతుంది కదా, ఇవి ఎత్తవు. ముక్కు నీళ్ళలో ముంచి బర్రెలా పీల్చేస్తాయి. గిన్నె లోతు తక్కువైతే కుదరదు.

నవంబర్ 16

గూడు తయారు చేశాను. ఎంత ముచ్చటగా వచ్చిందో! ఆరు ఎంఎం రాడ్డుతో రింగు, కింద జాలీతో గుండ్రంగా బుట్ట, అంచుకు పైపు కోసి తొడిగాను, గుచ్చుకోకుండా. లోపల కొబ్బరిపీచు పరిచాను. కాకతీయ తోరణం మోడల్ గేట్లు చేసే చేతికి ఇదేం పని అనుకుని ఆదివారమంతా దీనికే పెట్టాను. ఐదు ఫీట్ల ఎత్తున, నీడ పడే మూలకు బిగించాను.

నవంబర్ 21

నా స్టీలు గూడు వైపు అవి కన్నెత్తి కూడా చూడలేదు. మూకుడులోని ఇసుక, ఆలుచిప్పల పొడి సగం కాళ్ళతో చిమ్మేసి, నాలుగు గడ్డిపరకలు వేసుకుని జొన్న దాంట్లో కూర్చుంది. సాయంత్రం చూస్తే ఒక తెల్లటి గుడ్డు. బొటనవేలి పై కణుపు కంటే కొంచెం పెద్దది.

నవంబర్ 25

నాలుగు గుడ్లు.

ఇంట్లో పండగే. నేను ఫోటో తీసి షాపులో పిల్లలకు చూపించాను, అందరికీ చాయ్ తాగించాను. రాత్రి బిడ్డకు చూపిస్తే అది నవ్వలేదు. "గువ్వ రెండే పెడ్తది డాడీ," అంది. "మూడు పెట్టుడు గూడ చానా అరుదు. నాలుగంటే..."

"నాలుగంటే?"

"రెండు ఆడయే అయ్యుంటయి."

"గట్లెట్ల? జోడీ అనే ఇచ్చిండు గదా."

"జోడీయే. ఆడ-ఆడ జోడీ."

డిసెంబర్ 2

అమ్మ గదిలో లైట్లు ఆర్పి గుడ్లు చూశాం. ఫోన్ టార్చి మీద బొటనవేలు, చూపుడువేలు గుండ్రంగా చుట్టి, ఆ సందులో గుడ్డు నిలబెట్టాలి. వారం పొదిగిన గుడ్డులో జీవం ఉంటే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా పరుచుకుని కనిపిస్తాయి. మా నాలుగూ మంచం పక్కన పెట్టుకునే చిన్న బల్బులా పసుపుగా వెలిగాయి, అంతే. ఒక్క నరం లేదు.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే, వీటిలో ఆడ, మగ గుర్తుపట్టడం తన వల్ల కూడా కాదన్నాడు. నిజమే, చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి. కోపం వచ్చింది కానీ ఏం అనలేకపోయాను. నేనే గేటు కొలత తప్పు తీసి ఎంతమందితో మాటలు పడలేదు?

ఒకటి మాత్రం చెప్పాలి. ఆ ఖాళీ గుడ్లను అవి రెండూ ఎంత బుద్ధిగా పొదిగాయంటే, ఒకటి లేస్తే ఇంకోటి కూర్చునేది. ఒక్క పూట కూడా గుడ్లు చల్లబడనివ్వలేదు. ఈ మాట ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను, మళ్ళీ పనికొస్తుంది.

డిసెంబర్ 7

కాజీపేటలో రైల్వేలో చేసే అన్న ఒకాయన దగ్గర నాలుగు జోడీలు ఉన్నాయి. ఆయన దగ్గర ఒక మగది మిగిలి ఉందంటే మార్పిడి చేసుకున్నాం. జొన్నను ఇచ్చి మగదాన్ని తెచ్చుకున్నాను. ఖాళీ గుడ్లు తీసేశాను, మూకుడు కడిగేశాను.

కొత్తాయన గదిలో అడుగుపెట్టిన పావుగంటకే మొదలుపెట్టాడు. మల్లి ముందు నిలబడి, గొంతు ఉబ్బించి, తల కాళ్ళ దాకా వంచి 'కూ-క్కురూ' అని లేచి, మళ్ళీ వంగి. ఎలక్షన్ల ముందు అభ్యర్థి గడప గడపకూ వంగి దండం పెట్టినట్టే ఉంది. అందుకే పేరు సర్పంచి. మల్లి మాత్రం మొహం తిప్పుకుని గింజలు ఏరుకుంటూ ఉంది.

డిసెంబర్ 9

ఇవాళ జరిగింది రాయాలని లేదు కానీ డైరీ అన్నాక రాయాలి.

పొద్దున కాజీపేట అన్న ఫోన్. "తమ్మీ, రాత్రి పిల్లి జాలీ సందుల కాలు పెట్టింది. ఆడది చచ్చిపోయింది. దాని కింద రెండు గుడ్లున్నయి, ఆరు దినాలయి, రెంట్ల నరాలున్నయి. నీ జోడీ కింద పెట్టుకుంటవా?" ఆయన మిగతా జోడీలన్నీ పిల్లలతో ఉన్నాయట. నేను బండి తీసి, దూదిలో చుట్టి, చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని గుడ్లు తెచ్చాను. మూకుడులో మెత్తగా గడ్డి పరిచి, గుడ్లు పెట్టి, దూరంగా కూర్చున్నాను. మల్లికి పోయిన వారం దాకా ఇదే పని. గుడ్డు చూస్తే ఎక్కి కూర్చోదా అనుకున్నాను.

మల్లి వచ్చింది, చూసింది, అంచు మీద నిలబడింది, ఎగిరిపోయింది. సర్పంచి దండాలు ఆపలేదు. ఒంటిగంటకు గుడ్లు చల్లగా తగిలాయి. బల్బు కింద పెట్టి తిప్పుతూ కూర్చున్నాను కానీ ఆ వేడి ఎప్పుడు ఎక్కువైందో, ఎప్పుడు తగ్గిందో తెలియదు. రాత్రికి టార్చి పెడితే నరాలు చెదిరి గోధుమరంగు మరకలయ్యాయి.

బిడ్డ కాలేజీ నుంచి వచ్చాక చెప్పింది. అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీలో డేనియల్ లెర్మన్ అనే ఆయన 1950లలో సరిగ్గా ఈ జాతి గువ్వల మీదే ఈ పని చేసి చూశాడట. కొత్త జంటను తెచ్చి, తయారుగా ఉన్న గూడు, దాంట్లో గుడ్లు ముందు పెడితే అవి వెంటనే కూర్చోలేదు. ఐదు నుంచి ఏడు రోజులు మగది కూయాలి, ఆడది వినాలి, రెండూ కలిసి గూడు కట్టాలి. ఈ పనులన్నీ జరిగితేనే ఒంట్లో హార్మోన్లు మారి పొదిగే బుద్ధి పుడుతుంది. ఒంటరి పిట్టకైతే గూడూ గుడ్లూ ఇచ్చినా అసలు కూర్చోనే లేదట.

"మరి మొన్నటిదాకా పొదిగింది గదా మల్లి?"

"జొన్నతోని గలిసి పొదిగింది. నువ్వు జొన్నను పంపినవు, గుడ్లు తీసినవు, గూడు గడిగినవు. ఇప్పుడు మల్ల మొదటిసంది."

అంటే ఆ ఆడ జోడీని ఇంకో రెండు రోజులు కదలకుండా ఉంచి ఉంటే, ఖాళీ గుడ్లు తీసి ఈ రెండూ పెట్టేవాళ్ళం. అవి పొదిగేవి. పొదగడానికి మగదే కావాలని ఎవరు చెప్పారు నాకు? తొందరపడి సరిచేయబోయాను.

డిసెంబర్ 12

స్టీలు గూడులో కొబ్బరిపీచు తీసేశాను. మూకుడును నేల మీద నుంచి తీసి ఆ రింగులో కూర్చోబెట్టాను. కొలత పెట్టి చేసినట్టు సరిపోయింది. నేల మీద చీపురు పుల్లలు జానెడు ముక్కలుగా, ఎండు గరిక, వరిగడ్డి మూడూ పోశాను. ఇక చెయ్యి పెట్టను.

సర్పంచి దండాలు తగ్గించాడు, కొత్త పని పట్టాడు. మూకుడులో దిగి, తల కిందికి, తోక పైకి పెట్టి, రెక్కల చివర్లు టకటక అల్లార్చుతూ సన్నగా, సాగదీసి కూస్తున్నాడు. స్థలం చూపించడం అంటే ఇదే. నాలుగైదు సార్లకు మల్లి వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత ఆమే దిగి, ఆమే కూసింది. ఇప్పుడు రిజిస్ట్రేషన్ అయినట్టు.

డిసెంబర్ 14, షాపుకు సెలవు

పొద్దున ఏడున్నర నుంచి ట్యాంకు నీడలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. మల్లి మూకుడులో కూర్చుని కదలదు. పుల్లలు తేవడం మొత్తం సర్పంచి పని. ఒక్కసారికి ఒక్కటే పుల్ల. నేల మీద దిగుతాడు, ఒక పుల్ల ఎత్తుతాడు, తల విదిలిస్తాడు, పడేస్తాడు. ఇంకోటి ఎత్తుతాడు, నాలుకతో రుచి చూసినట్టు ముక్కులో అటూ ఇటూ జరుపుతాడు, పడేస్తాడు. మూడోదో నాలుగోదో నచ్చుతుంది. పుల్లను సరిగ్గా నడిమికి పట్టుకుని ఎగిరి, మూకుడు అంచు మీద కాదు, నేరుగా మల్లి వీపు మీద దిగుతాడు. అక్కడి నుంచి మెడ చాపి ఆమె ముక్కు ముందు పెడతాడు. ఆమె తీసుకుని, తన రొమ్ము కింద పక్కకు దోపి, ముక్కుతో రెండుసార్లు నెట్టి, ఒళ్ళు ఒకసారి కదిలించి సర్దుకుంటుంది. ఆయన మళ్ళీ కిందికి.

తొమ్మిదిన్నర దాకా లెక్కపెట్టాను, యాభై మూడు పుల్లలు. అందులో పద్దెనిమిది అంచు మీద నుంచి జారి కిందపడ్డాయి. వాటిని మళ్ళీ ఎత్తడు! కాళ్ళ దగ్గరే పడి ఉన్నా అవతలి మూల నుంచి కొత్తది తెస్తాడు. గరిక మీదే మోజు, చీపురు పుల్ల రెండో రకం, వరిగడ్డి ముట్టలేదు.

ఒకసారి మాత్రం గుండె ఆగింది. ఎక్కడి నుంచి దొరికిందో, నేను జాలీ కట్టగా మిగిలిన బైండింగ్ వైరు ముక్క, బెత్తెడు ఉంటుంది, పట్టుకుని ఎగిరాడు. మల్లి దాన్ని కూడా తీసుకుని దోపేసింది. లేపి తీయాల్సి వచ్చింది. తర్వాత షాపు నుంచి మ్యాగ్నెట్ తెచ్చి నేల మొత్తం తిప్పితే ఇంకో పదకొండు ముక్కలు వచ్చాయి. జాలీ పని చేసిన ప్రతివాడూ పిట్టల్ని వదిలే ముందు ఈ పని చేయాలి. నాకు నెల తర్వాత తట్టింది.

ఇంత కష్టపడి కట్టింది చూస్తే ముప్పై నలభై పుల్లలు, మధ్యలోంచి మట్టి కనిపిస్తుంది. మూకుడు లేకపోతే గుడ్డు నేల మీదే.

డిసెంబర్ 17

సాయంత్రం ఐదుంబావుకు మొదటి గుడ్డు.

డిసెంబర్ 19

పొద్దున తొమ్మిదికి రెండోది. మొదటి గుడ్డు సాయంత్రం, దాదాపు నలభై గంటలకు రెండోది, ఎల్లుండి పొద్దున. ఈ లెక్క దాదాపు తప్పదని బిడ్డ ముందే చెప్పింది. మా కార్పొరేషన్ నల్లా కూడా ఇంత టైముకు రాదు.

డిసెంబర్ 23

సర్పంచి మీద నాకు అనుమానం. పొద్దున నేను చూసినప్పుడూ మల్లే, రాత్రి షాపు నుంచి వచ్చి చూసినా మల్లే. ఈయన కొమ్మ మీద కూర్చుని కునుకు తీస్తుంటాడు. "గెలిచినంక సర్పంచి కనవడ్తడా," అని అన్నం తింటూ అన్నాను.

ఇంటావిడ కస్సుమంది. "నువ్వు షాపుకు పోయేదాకనే ఆమె కూసుంటది. నువ్వు పోయినంక గాయన ఎక్కుతడు. పొద్దంత కూసుండి నాలుగున్నరకు దిగుతడు. నీకు కనవడకపోతె పని చేస్తలేనట్టేనా? మేం ఇంట్ల చేసేది గూడ నీకు గట్లనే కనవడది."

మాట ఎటు పోతుందో అర్థమై పెరుగన్నం కలుపుకున్నాను.

మరునాటి నుంచి ఆమే గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టింది. 9:50, 4:20. 10:05, 4:35. 9:45, 4:15. మగది పగటి డ్యూటీ, ఆడది సాయంత్రం నుంచి మరునాటి పొద్దున దాకా. దిగేది లేవకముందే ఎక్కేది పక్కకు వచ్చి నిలబడుతుంది. ఒక్కోసారి దిగమన్నా మల్లి దిగదట, సర్పంచి మెల్లగా పక్క నుంచి నెడతాడట. ఈ డైరీలో పనికొచ్చే డేటా ఏదైనా ఉందంటే అది ఆ క్యాలెండరే.

డిసెంబర్ 25

టార్చి. రెండింటిలోనూ నరాలు! నడిమిలో నల్లటి చుక్క కదులుతూ ఉంది. అమ్మకు చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు.

జనవరి 1

రాత్రి పన్నెండు కొట్టగానే వీధి మొత్తం పటాకులు. చీకట్లో బెదిరితే గువ్వలు కళ్ళు కనపడక నిలువునా పైకి ఎగిరి తల కొట్టుకుంటాయి. నేను పైకి పరుగెత్తేసరికి మల్లి నేల మీద ఉంది, నెత్తిన ఈకలు లేచి కొంచెం రక్తం. గుడ్డు ఒకటి మూకుడు అంచుకు కొట్టుకుని సొట్ట పడింది. పెంకు పగిలింది కానీ లోపలి పొర చినగలేదు. బిడ్డ తన నెయిల్ పాలిష్ తెచ్చి పగులు మీద మాత్రమే పలచగా పూసింది. గదిలో జీరో బల్బు వేసి, మల్లిని చేత్తో తెచ్చి గూటి అంచున దింపి, మెట్ల మీద కూర్చున్నాను. పన్నెండు నలభైకి ఎక్కి కూర్చుంది.

ఈ బల్బు నవంబర్‌లోనే పెట్టాల్సింది. కరెంటు పాయింటు పక్కనే ఉంది, బద్ధకం.

జనవరి 2

పొద్దున గదిలో అవతలి మూలకు సగం పెంకు దొరికింది. గూటికి ఇంత దూరం తెచ్చి పడేశారంటే పిల్ల వచ్చినట్టే. పిల్ల బయటపడగానే పెంకు దూరంగా పారేస్తాయి. తొంగి చూస్తే మల్లి రొమ్ము కింద పసుపురంగు నూగు. ఒక్కటే. నెయిల్ పాలిష్ గుడ్డు రేపటిదాకా చూస్తాం.

జనవరి 4

ఆ గుడ్డు రాలేదు. తీసేశాను.

ఉన్న పిల్లకు ఏం పెడుతున్నాయో చూడ్డానికి మళ్ళీ స్టూలు. పిల్లకు కళ్ళు తెరుచుకోలేదు, తల తడబడుతూ పైకి లేస్తుంది. సర్పంచి నోరు తెరిస్తే, పిల్ల తన ముక్కు మొత్తం ఆయన నోట్లో దూర్చింది. ఆయన మెడ అలలు అలలుగా కదులుతూ లోపలి నుంచి ఏదో ఎక్కిస్తున్నాడు. మూతి పక్కన అంటినది చూస్తే మెత్తటి జున్ను తునకల్లా ఉంది. అవి పాలే. గొంతు సంచి గోడల నుంచి రాలే కణాలు అవి. గుడ్డు పొదిగేటప్పుడే లోపల తయారవుతాయి. ఆడది, మగది ఇద్దరూ ఇస్తారు. మొదటి కొన్ని రోజులు పిల్లకు అదే ఆహారం.

"మొగోడు పాలిచ్చుడు ఏందిర?" అని అమ్మ నోరు నొక్కుకుంది. మనుషుల్లో తల్లికి పాలు పడే హార్మోనే వీటికీ పనిచేస్తుందని, అసలు దానికి ప్రొలాక్టిన్ అని పేరు పెట్టింది 1930లలో ఆస్కార్ రిడిల్ వాళ్ళు పావురాల గొంతు సంచి మీద చేసిన పనిలోనే అని బిడ్డ చెప్పింది. అమ్మ అదంతా వినలేదు. కిందికి దిగి పక్కింటి ఆమెకు సర్పంచి పాలిస్తున్నాడని చెప్పింది. ఆమె ఏ ఊరి సర్పంచి అనుకుందో తెలియదు.

జనవరి 14

సంక్రాంతి. పిల్లకు ఒళ్ళంతా ముళ్ళలాంటి ఈకలు, చూడ్డానికి చిన్న ముళ్ళపంది. గాలిపటాల మాంజా ఒకటి జాలీ మీద వేలాడుతుంటే తీసేశాను. లోపలికి ఒక బారెడు వచ్చింది, కాలికి చుట్టుకుంటే తెగేదే.

జనవరి 18

గూడు దిగింది. పదహారు రోజులు. ఎగరడం కాదు, పడ్డట్టే దిగింది. సర్పంచి వెంట తిరుగుతూ కిచకిచమని రెక్కలు కొట్టుకుంటూ తినిపించుకుంటుంది. మల్లి అప్పుడే మళ్ళీ మూకుడు ఎక్కి కూర్చుంది. గుడ్డు మీద గుడ్డు పెడితే పెంకుకు కావాల్సిన కాల్షియం ఆమె ఎముకల్లోంచి పోతుంది. మూకుడు తీసేశాను, ఆలుచిప్పల పొడి పెంచాను. నెల రోజులు సెలవు.

ఫిబ్రవరి 15

కాజీపేట అన్న ఫోన్: పిల్లికి ఆడదాన్ని పోగొట్టుకున్న మగదానితో జొన్న జత కట్టిందట, గుడ్లు కూడా పెట్టిందట. ఎన్ని అని అడిగాను. రెండే అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆయన జాలీ ఇప్పుడు రెండు పొరలు, నాలుగు ఇంచుల సందుతో. నేనే వేసిచ్చాను, మజూరీ తీసుకోలేదు.

ఫిబ్రవరి 16

మూకుడు మళ్ళీ రింగులో. ఈసారి పుల్లలు కొనలేదు, కోయలేదు. వేపచెట్టు ఆకు రాలుస్తుంది, ఆకులు పోగా మిగిలిన ఈనెలు మేడ మీద కుప్పలు. సన్నగా, వంగేలా, విరగకుండా ఉంటాయి. ఒక గంపెడు పోశాను. సర్పంచి మొదటి ఈనె ఎత్తి విదిలించి చూసి, పడేయకుండా నేరుగా ఎగిరాడు. గరిక వైపు మళ్ళీ చూడలేదు.

షీటు మీద తడక, గ్రీన్ నెట్ వేయడం మిగిలి ఉంది. మార్చి దాటితే మా మేడ పెనం.

ఫిబ్రవరి 22

ఈసారి గూడు దట్టంగా ఉంది, మూకుడు అడుగు కనిపించడం లేదు. సాయంత్రం ఐదూ పదికి గుడ్డు. రెండోది ఎల్లుండి పొద్దున రావాలి. ఆ టైముకు నేను షాపులో ఉంటాను. క్యాలెండర్‌లో 24 పక్కన ఇంటావిడ అప్పుడే పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టింది.